చిన్న ట్రాక్టరుకు ఫోర్కులు: కొనేముందు వేసుకోవాల్సిన తూకం

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కల్లాల్లోనైనా, విజయవాడ శివార్లలోని ఎరువుల గోడౌన్లలోనైనా బరువు మోసే పని ఇప్పటికీ ఎక్కువగా మనిషి వీపు మీదే నడుస్తోంది. మిర్చి టిక్కీ, అంటే బస్తా, ఒక్కోటి 40 కిలోల పైచిలుకు. యూరియా బస్తా 2018కి ముందు 50 కిలోలు, ఇప్పుడు 45. సిమెంటు బస్తా 50. హమాలీ ముఠా వాళ్లు దొరికిన రోజు పని చకచకా అయిపోతుంది. దొరకని రోజు లారీ వచ్చి గేటు ముందు నిలబడుతుంది, డ్రైవరు గంటకోసారి ఫోన్ చేస్తాడు, సరుకు గలాయనకు టెన్షన్. చిన్న ట్రాక్టరుకు ముందు లోడర్, అంటే బకెట్‌ను ఎత్తే చేతులు, ఎలాగూ ఉంది కదా, బకెట్ తీసేసి సరుకు కిందికి దూర్చి ఎత్తే రెండు ఇనుప ఫోర్కులు తగిలిస్తే పోలేదా అన్న ఆలోచన అలాంటి రోజునే పుడుతుంది.

ఆలోచన బాగానే ఉంది. తేడా వచ్చేది కొనేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న దగ్గర. "ఇవి ఎన్ని టన్నులు మోస్తాయి?" అని అడుగుతారు. "టన్నున్నర, ఢోకా లేదు" అని షాపులో జవాబు వస్తుంది. జవాబులో అబద్ధం లేదు, కాకపోతే అడిగినవాడికి దానితో పనీ లేదు. ఇరవై నాలుగు హార్స్ పవర్ ట్రాక్టరు లోడర్ ఆ టన్నున్నరను ఏనాడూ నేల మీంచి లేపలేదు. చిన్న బండి విషయంలో ఫోర్కులు విరిగిపోవడం అరుదు. చాలామందికి ఎదురయ్యే కష్టం వేరు: ఫోర్కుల తూకం, సరుకు దూరం కలిసి లోడర్ బలంలో సగం తినేస్తాయి, సరుకుకు మిగిలేది ఆ తర్వాతే.

ఈ గందరగోళానికి బ్రోచర్ కూడా కొంత కారణం. కుబోటా నియోస్టార్ బీ2441, మహీంద్రా జీవో 245 లాంటి 24 హెచ్‌పీ బండ్ల వివరాల్లో లిఫ్టింగ్ కెపాసిటీ 750 కిలోలని ఉంటుంది. అది వెనక మూడు లింకుల లిఫ్టు సత్తా, రోటవేటరునో గొర్రునో ఎత్తడానికి చెప్పిన అంకె. ముందు లోడర్‌కూ దానికీ సంబంధం లేదు. లోడర్ సిలిండర్లు వేరు, చేతుల పొడవు వేరు, అది నూనె తీసుకునే వాల్వు వేరు. పైగా ఆ బరువును మోయాల్సింది పెద్ద వెనక చక్రాలు కాదు, చిన్న ముందు చక్రాలు. కాబట్టి లోడర్ తయారుచేసినవాళ్ల దగ్గర లోడర్ అంకె విడిగా అడగాలి. అది ఏ చోట కొలిచిన అంకో కూడా అడగాలి. ఎక్కువమంది చెప్పేది బకెట్ తగిలించే పిన్ను దగ్గర కొలిచిన అంకె, అదీ బకెట్ లేకుండా. కొందరు పిన్నుకు 500 మిల్లీమీటర్లు ముందు కొలిచి చెబుతారు. ఆ రెండో అంకె చిన్నదిగా కనిపించినా ఫోర్కులు కొనేవాడికి అక్కరకొచ్చేది అదే.

నిండు బిందె చంకన పెట్టుకుని ఊరి చివరి దాకా నడవొచ్చు. అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే నిమిషం ఆగలేరు. లోడర్‌కూ అంతే. బకెట్‌లో మట్టి పిన్నుకు దగ్గరగా కూర్చుంటుంది. ప్యాలెట్ (బస్తాలు పేర్చే చెక్క పీట) మీది సరుకు చేయి చాచి పట్టుకున్న బిందె.

అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక చిన్న లోడర్ చేతులు వెనక కీలు నుంచి ముందు పిన్ను దాకా 1.8 మీటర్ల పొడవు అనుకుందాం. పిన్ను దగ్గర 500 కిలోలు ఎత్తుతుందని చెప్పారు. అంటే వెనక కీలు దగ్గర దాని సత్తా 500ను 1.8తో హెచ్చవేస్తే వచ్చే 900. ఇవి కిలోలు కావు, బరువును దూరంతో హెచ్చవేసిన అంకె. ఇప్పుడు బకెట్ తీసి, ఫ్రేముతో కలిపి 140 కిలోలుండే ఫోర్కుల సెట్టు తగిలిద్దాం. దాని బరువు పిన్నుకు 30 సెంటీమీటర్లు ముందు పడుతుంది, అంటే కీలు నుంచి 2.1 మీటర్లు. 140ని 2.1తో హెచ్చవేస్తే 294. ఇంకా సరుకు ఎక్కకముందే 900లో 294 ఖర్చయిపోయింది. మిగిలింది 606. ప్యాలెట్ మధ్యభాగం ఫోర్కు నిలువు ముఖానికి అర మీటరు ముందుంటుంది, ఆ ముఖం పిన్నుకు 15 సెంటీమీటర్లు ముందుంటుంది, కాబట్టి సరుకు దూరం 2.45 మీటర్లు. 606ను 2.45తో భాగిస్తే 247. అయిదు వందల కిలోల లోడర్ చివరికి పావు టన్ను దగ్గర ఆగింది. యూరియా అయితే అయిదు బస్తాలు, ప్యాలెట్ చెక్క బరువుకు కాస్త వదులు.

ఇదే లోడర్‌కు 140 బదులు 80 కిలోల సెట్టు పెడితే మిగిలే సత్తా 732, ఎత్తగలిగేది 299 కిలోలు. అంటే సెట్టులో అరవై కిలోలు తగ్గిస్తే సరుకులో యాభై కిలోలు పెరిగాయి. ప్రతి ట్రిప్పులో ఒక టిక్కీ అదనం. ఇది చేతులు నేలకు సమాంతరంగా ఉన్నప్పటి స్థూల లెక్క. ఎత్తు మారితే అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ కథ మాత్రం ఇదే. అందుకే చిన్న బండికి ఫోర్కులు చూసేటప్పుడు బలమైనవి ఏవని వెతక్కూడదు. పనికి చాలినంత బలమున్న వాటిలో తేలికైనవి ఏవని వెతకాలి.

ఎంత బలం చాలుతుంది? ఇక్కడ ఇనుము గుణం కొంత తెలియాలి. ఫోర్కు ఎల్ ఆకారంలో ఉంటుంది. బరువంతా వచ్చి ఆ మలుపు దగ్గర, మడమ అంటారే అక్కడ, వంచాలని చూస్తుంది. వంపును ఆపే శక్తి మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తూకం మాత్రం మందాన్ని బట్టే పెరుగుతుంది. ముప్పై మిల్లీమీటర్ల ఫోర్కును నలభైకి పెంచితే బలం 1.78 రెట్లు, బరువు 1.33 రెట్లు. ఈ లెక్క వినగానే మందం పెంచడమే లాభం అనిపిస్తుంది. కానీ అక్కర్లేని బలం ఎంత చవగ్గా వచ్చినా దాని తూకం ప్రతి ట్రిప్పులో మోయాల్సిందే. ఎనభై మిల్లీమీటర్ల వెడల్పు, ముప్పై మందం ఉన్న ఒక్క ఫోర్కు మీదే 300 కిలోలు మొత్తం పడ్డా, మడమ దగ్గర చదరపు మిల్లీమీటరుకు 120 న్యూటన్లకు కొంచెం పైన ఒత్తిడి వస్తుంది. గుంతలో దిగి ఎగిరినప్పుడు అది రెట్టింపు అవుతుందనుకుంటే 245. సరైన ఫోర్కుల్లో వాడే గట్టి అల్లాయ్ ఉక్కుకు ఇది లెక్కలోది కాదు. అదే మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు అయితే దాదాపు 250 దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది.

వీధి చివర వెల్డింగ్ షాపులో ఎంఎస్ పట్టీలు రెండు కోసి, ఎల్ ఆకారంలో అతికించి ఇచ్చేవాటితో వచ్చే చిక్కు ఇదే. అతుకు ఎక్కడ వేశారు? బరువు అత్యధికంగా పనిచేసే ఆ మలుపు దగ్గరే. వెల్డర్ చెయ్యి ఎంత మంచిదైనా, తెగాలనుకుంటే తెగేది అక్కడే. ఫ్రేము స్థానికంగా చేయించుకోవచ్చు, అందులో తప్పు లేదు, ఆటోనగర్ చేతులకు అదొక పనే కాదు. ఫోర్కులు మాత్రం ఒకే ముక్కను వేడిచేసి వంచినవై ఉండాలి.

పాత ఫోర్కులు, కొత్త బేరం

విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట పాత ఫోర్క్‌లిఫ్టుల సామాను కోసం వెతికితే ఫోర్కుల జత దొరకడం కష్టం కాదు. కొత్తవాటికంటే చవక, పైగా అసలైన ఫోర్జింగ్. ఆశ పుట్టడం సహజం. ముందు టేపు తీసి కొలవాలి. ఫోర్క్‌లిఫ్టు ఫోర్కులు కొక్కేల మీద వేలాడతాయి. ఆ కొక్కేలు పట్టే ప్లేటు ఎత్తు అంతర్జాతీయ ప్రమాణంలో రెండో తరగతికి 407 మిల్లీమీటర్లు, మూడో తరగతికి 508. రెండో తరగతి ఒక టన్ను నుంచి రెండున్నర టన్నుల దాకా ఉండే బండ్లకు. మూడో తరగతివి చిన్న ట్రాక్టరు దరిదాపుల్లోకి రానివ్వకూడదు. రెండో తరగతిలో కూడా 122 వెడల్పు, 40 మందం ఉన్నవి ఒక్కోటి 50 కిలోలు దాటతాయి. రెండు కలిపి వంద. ఫ్రేము దానికి అదనం. పై లెక్కలోకి ఆ అంకె పెట్టి చూస్తే సరుకుకు ఎంత మిగులుతుందో తెలిసిపోతుంది.

ఫోర్కు నిలువు భాగం పక్కన గుద్దిన అంకెలుంటాయి, తుప్పు గీకితే కనిపిస్తాయి. ఒకటి కిలోలు, ఇంకొకటి ఆ కిలోలు ఎంత దూరంలో మోయగలదో చెప్పే మిల్లీమీటర్లు, ఎక్కువగా 500 లేదా 600. తర్వాత మడమ దగ్గర మందం కాలిపర్‌తో కొలవాలి, నిలువు భాగం మందంతో పోల్చాలి. ఏళ్ల తరబడి సిమెంటు నేల మీద రాసుకుని అడుగు అరుగుతుంది. అరుగుదల పది శాతం చేరితే ఆ ఫోర్కును పక్కన పడేయాలన్నది ప్రమాణం. పది శాతమే కదా అనిపిస్తుంది గానీ, మందం వర్గం లెక్కన బలం దాదాపు 20 శాతం పోయినట్టు. రెండు కొనల ఎత్తు తేడా ఫోర్కు పొడవులో మూడు శాతం మించినా వద్దనేయాలి, అంటే 1070 మిల్లీమీటర్ల ఫోర్కుకు 32. మడమ లోపలి వంపులో సన్నని వెంట్రుక గీతలాంటిది కనిపిస్తే బేరం అక్కడే ఆపేయాలి. "దానిమీద ఒక వెల్డు వేసిస్తాం సార్" అన్న మాట ఆ షాపు నుంచి బయటికి నడవడానికి చాలిన కారణం. వేడి పట్టి గట్టిపరచిన ఉక్కు మీద మళ్లీ వెల్డింగ్ వేడి తగిలితే ఆ చుట్టూ ఉన్న గట్టిదనం చెడిపోతుంది.

బకెట్ తీయకుండానే దాని పెదవికి బోల్టులతో బిగించే ఫోర్కులు కూడా ఉన్నాయి. చవక, తేలిక, అయిదు నిమిషాల పని. అదే లోడర్‌కు అదే లెక్క వేస్తే, 110 కిలోల బకెట్ అలాగే ఉంటుంది, ఫోర్కుల తూకం దానికి అదనం, సరుకు మరో అర మీటరు ముందుకు జరుగుతుంది, ఎత్తగలిగేది 185 కిలోల దగ్గరికి పడిపోతుంది. బకెట్ పెదవి మధ్యలో సొట్ట పడటం దీనికి బోనస్. పొలంలో నాలుగు కట్టెలు, ఒక పైపుల కట్ట ఎత్తడానికి ఫర్వాలేదు. ప్యాలెట్ పనికి దీన్ని కొనడం డబ్బు దండగ.

పొడవు ఎంత ఉండాలన్నది ప్యాలెట్‌ను బట్టి. మన దగ్గర ఎక్కువగా కనిపించే 1200, 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్‌కు 1070 ఫోర్కు సరిపోతుంది. పొట్టి వైపు నుంచి ఎత్తితే అవతలి వైపు ఫోర్కు కొన బయటికి రాదు, ఒకందుకు అది మంచిది కూడా, లేకపోతే వెనకున్న బస్తాలకు గుచ్చుకుంటుంది. ప్యాలెట్‌ను పొడుగు వైపు నుంచి ఎత్తితే లోతు 1000 మాత్రమే, కొన ఏడు సెంటీమీటర్లు బయటికి వచ్చినా బరువు బండికి పది సెంటీమీటర్లు దగ్గరవుతుంది. ఇందులో మిర్చికి ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఎండుకాయలు ఎంత తొక్కి నింపినా గాలి ఎక్కువ, బరువు తక్కువ. ఆరు టిక్కీలు పేర్చితేనే ప్యాలెట్ అంచులు దాటి పొంగుతాయి. బరువు చూస్తే 250 కిలోలు, కానీ దాని నడిమి భాగం అర మీటరు దగ్గర ఆగదు, ఇంకా ముందుకు పోతుంది. ఎరువులో ఈ బాధ లేదు. ఒకే బరువుకు ఎరువు ప్యాలెట్ నిలకడగా ఎక్కుతుంది, మిర్చి ప్యాలెట్ ఊగుతుంది. అసలు ప్యాలెట్ లేకుండా విడి బస్తాల కింద ఫోర్కులు దూర్చడం కుదరదు, బస్తా మధ్యలో జారి చిరుగుతుంది. జామాయిల్ చెక్కతో నాలుగు ప్యాలెట్లు కొట్టించుకోవడం ఫోర్కుల ఖర్చులో భాగంగానే లెక్కేసుకోవాలి.

సీటులోంచి చూస్తే

ఫోర్కులు తగిలించాక మొదటిసారి బండెక్కినవాళ్లకు తెలిసే సంగతి, కొనలు కనపడవని. బానెట్, లోడర్ చేతులు, ఫ్రేము అన్నీ అడ్డం. వెనక నిండుగా ప్లేటు కొట్టిన ఫ్రేముకంటే, నడుమ ఖాళీ ఉండి రెండు మూడు నిలువు కమ్మీలున్న ఫ్రేము ఎంతో నయం. సందులోంచి ప్యాలెట్ రంధ్రం కనిపిస్తుంది, తూకం కూడా తగ్గుతుంది. కనిపించినా ఫోర్కు నేలకు సమంగా ఉందో, ముక్కు దించుకుని ఉందో సీటులోంచి పోల్చుకోవడం కష్టం. ఫ్రేము పైన జానెడు ఇనుప చువ్వను ఫోర్కుకు సమాంతరంగా వెల్డ్ చేయించి ఎర్ర రంగు కొడితే చాలు, చువ్వ పడుకుని ఉంటే కింద ఫోర్కూ పడుకునే ఉన్నట్టు. వంద రూపాయల పని. లేకపోతే ఫోర్కు కొన ప్యాలెట్ చెక్కను తన్ని చీల్చేస్తుంది, లేదా నేలలో గుచ్చుకుంటుంది.

చాలా చిన్న లోడర్లకు తనంతట తాను సమంగా ఉంచుకునే లింకేజీ ఉండదు. చేతులు పైకి లేస్తున్నకొద్దీ ఫోర్కులు వెనక్కి వాలుతుంటాయి. బకెట్‌లో మట్టికి అది కొంతవరకు మంచిదే. ప్యాలెట్ మీద బస్తాలైతే పైవరస జారి డ్రైవరు వైపే వస్తుంది. కాబట్టి ఫోర్కుల ఫ్రేము మీద, సరుకు వెనక, దాని ఎత్తు దాకా జాలీ తప్పనిసరి, తూకం తగ్గించుకోవాలన్న లెక్క దీనికి వర్తించదు. ఎత్తుతున్నప్పుడు రెండో లివరుతో కొంచెం కొంచెం ముందుకు వంచుతుండాలి. ఇక్కడే ఇంకో చిత్రం బయటపడుతుంది: కొన్ని లోడర్లు బరువును ఎత్తుతాయి గానీ వెనక్కి వంచలేవు. వంచే సిలిండర్లు బకెట్ కోసం లెక్కేసినవి, ఫోర్కు మీది బరువు పిన్నుకు దూరం కావడంతో ప్రెషరు మించితే నూనెను వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని కుయ్యిమని అరుస్తుంది. పంపు మారిస్తే పోతుందని మెకానిక్ అంటాడు. వాల్వు ప్రెషరు, సిలిండరు లావు మారనంత వరకూ పంపు ఎంత పెద్దదైనా వేగం పెరుగుతుంది తప్ప బలం పెరగదు.

వెనక ఏం కట్టారు?

ఇప్పటిదాకా లోడర్ ఎత్తగలదా అన్నదే చూశాం. ఎత్తాక బండి నిలబడుతుందా అన్నది వేరే ప్రశ్న, ప్రమాదాలు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. 850 కిలోల ట్రాక్టరు అనుకుందాం, అందులో 470 వెనక చక్రాల మీద, 380 ముందు చక్రాల మీద. ముందు ఇరుసు, వెనక ఇరుసు మధ్య 1.55 మీటర్లు. లోడర్ చట్రం ఒక 250 కిలోలు, సుమారుగా ముందు ఇరుసు మీదే. ఫోర్కులు, సరుకు కలిపి 390 కిలోలు ముందు ఇరుసుకు మీటరున్నర ముందు వేలాడుతున్నాయి. త్రాసులా ఆలోచిస్తే, ఆ 390 వెనక చక్రాల మీంచి 377 కిలోలు లాగేస్తుంది. వెనక మిగిలింది 93. ముందు ఇరుసు మీద 380, 250, 390, 377 అన్నీ కలిసి 1,400కు దగ్గర. ట్రాక్టరు సొంత బరువుకు ఒకటిన్నర రెట్లు దాటిన భారం రెండు చిన్న చక్రాల మీద, రెండు సన్నని స్టబ్ యాక్సిళ్ల మీద. బేరింగు పోయింది, సీలు కారుతోంది అని తర్వాత తిట్టుకునేది దీని గురించే. నల్లరేగడి తడిగా ఉంటే ఆ ముందు చక్రాలు రిమ్ము దాకా దిగిపోతాయి, అది వేరే కథ.

వెనక లింకులకు, ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనక 250 కిలోలు కడితే వెనక చక్రాల మీదికి 379 కిలోలు తిరిగొస్తాయి, ముందు ఇరుసు మీంచి 129 తగ్గుతాయి. రెండు వందల లీటర్ల డ్రమ్మును సగానికి కోసి కాంక్రీటు పోస్తే ఇంచుమించు 240 కిలోలు, లింకులకు తగిలేలా పిన్నులు అందులోనే పెట్టించుకోవచ్చు. రోటవేటరు తగిలించి ఉంచినా అదే పని చేస్తుంది, దాని తూకం ఒకసారి చూసుకుంటే చాలు. వెనక టైర్లలో నీళ్లు నింపడం కూడా మంచిదే గానీ, అది ఇరుసు మీదే ఉండటంతో ముందు ఇరుసు భారం తగ్గించదు. మన ఊళ్లలో వేబ్రిడ్జి కాటాలకు కొదవ లేదు. సరుకు ఫోర్కుల మీద నేలకు జానెడు ఎత్తులో పెట్టుకుని, ముందు చక్రాలు మాత్రం కాటా మీదికెక్కించి ఒక చీటీ, బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ తీసుకుంటే, ఈ లెక్కలన్నీ తన బండికి ఎలా ఉన్నాయో పది నిమిషాల్లో తెలుస్తుంది. మ్యాన్యువల్‌లో ముందు ఇరుసు ఎంత మోయగలదో రాసి ఉంటుంది, దాన్ని మొదటి చీటీతో పోల్చాలి.

కాలవ కట్ట దిగేటప్పుడు ఫోర్ వీల్ వేసుకోమని పాత డ్రైవర్లు చెప్పేది ఊరికే కాదు. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు పనిచేసేది వెనక చక్రాల మీదే. ముందు బరువుతో వెనక చక్రాలు నేలను గట్టిగా అంటుకోనప్పుడు పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఫోర్ వీల్‌లో ఉంటే ముందు చక్రాలు కూడా గేరుకు, బ్రేకుకు కట్టుబడి ఉంటాయి. పక్కకు ఒరిగే భయం ఇంకొకటి. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది, అంటే బండి నిజంగా నిలబడేది నాలుగు కాళ్ల మీద కాదు, రెండు వెనక చక్రాలు, ఆ ఒక్క పిన్ను, మూడు కాళ్ల పీట. సరుకు తల ఎత్తున పెట్టుకుని గట్టు పక్కన మలుపు తిప్పితే, ముందు చక్రం ఆదుకునేలోపే పడిపోతుంది. ఇక ఫోర్కుల మీద మనిషిని నిలబెట్టి మామిడికాయలు కోయించడం, బల్బు మార్పించడం గురించి రాయాల్సి రావడమే బాధాకరం.

ఇన్ని లెక్కలు వేశాక కొందరికి అసలు ముందు ఫోర్కులు అక్కర్లేదని తేలొచ్చు. లారీ ఎత్తుకో, ట్రక్కు ఎత్తుకో ప్యాలెట్ చేర్చాల్సిన అవసరం లేదు, గోడౌన్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరపడమే పని అయితే, వెనక మూడు లింకులకు తగిలించే ఫోర్కులున్నాయి. బ్రోచర్‌లోని ఆ 750 కిలోల అంకె ఇక్కడ అక్కరకొస్తుంది, దూరం కోత కొంత పోను. భారం పెద్ద చక్రాల మీద పడుతుంది, లోడర్ ఇంకా కొనకపోతే ఆ ఖర్చు మొత్తం తప్పుతుంది, ధర కూడా ముందు సెట్టుకంటే తక్కువ. ఎత్తేది రెండడుగులకు అటూ ఇటూ మాత్రమే, ముందు చక్రాలు తేలకుండా బంపరు మీద కొంత బరువు పెట్టుకోవాలి, రోజంతా మెడ వెనక్కి తిప్పి చూస్తుండాలి. మెడ నొప్పి సంగతి డ్రైవరును అడిగి తేల్చుకోవాల్సిందే.